కరక్కాయ వేస్తే ఫ్లూ వైరస్ మాయం. నమ్మొచ్చా?

ల్యాబ్‌పిల్ల_వైజాగ్ · శనివారం రాత్రి 11:20

అందరికీ నమస్కారం. వైజాగ్‌లోనే ఒక కాలేజీలో పరిశోధన చేస్తున్నాను. మన దగ్గర దొరికే మందుమొక్కలు, పుట్టగొడుగుల సారాలు ఫ్లూ వైరస్ మీద ఏమైనా పనిచేస్తాయేమో చూడటం నా పని. ఇప్పటికి పది సారాలు తీశాను. కరక్కాయ, నేలవేము, తిప్పతీగ, అడ్డసరం, తులసి, అతిమధురం, పిప్పళ్ళు, చిప్ప పుట్టగొడుగులు, అరకు సంతలో ఒక అవ్వ దగ్గర కొన్న పుట్టకొక్కులు, ఇవి కాక మా క్యాంపస్‌లో హుద్‌హుద్‌కి ఒరిగిన చెట్టు మొద్దుకి పట్టిన చెక్కలాంటి పుట్టగొడుగు. ఈ చివరిది గానోడెర్మా అనుకుంటున్నాను.

వైరస్ పీఆర్8. 1934 నాటి ప్యూర్టోరికో స్ట్రెయిన్, ల్యాబ్‌ల్లో అందరూ వాడేదే. కణాలు ఎండీసీకే, ల్యాబ్‌లో పెంచే కుక్క కిడ్నీ కణాలు. సారం, వైరస్ కలిపి వేసి, 48 గంటల తర్వాత పైన తేలిన ద్రవం తీసి కోడి రక్తకణాలతో హెచ్ఏ పరీక్ష పెట్టాను. వైరస్ ఉంటే ఎర్ర కణాలు వలలా పరుచుకుంటాయి, లేకపోతే అడుగున బొత్తాంలా చేరతాయి. ఎన్ని రెట్లు పలుచన చేసినా వల పడుతుందో ఆ అంకే టైటర్.

వైరస్ ఒక్కటే వేసిన వరుసలో టైటర్ 128. కరక్కాయ సారం మి.లీ.కి 100 మైక్రోగ్రాములు వేసిన వరుసలో సున్నా! ప్లేట్లో గుంటలు (వెల్స్) అన్నిటిలోనూ అడుగున ఎర్రటి బొత్తాలు, ముత్యాల్లా. ప్లేట్ వంచితే కన్నీటి చుక్కలా కిందికి జారాయి. కణాలు బతికున్నాయా అని చూసే ఎంటీటీ పరీక్షలో 90 శాతం పైనే బతికున్నట్టు వచ్చింది. సెలెక్టివిటీ ఇండెక్స్, అంటే కణాల్ని చంపే మోతాదు వైరస్‌ని ఆపే మోతాదుకి ఎన్ని రెట్లో, లెక్కేస్తే 12. నేలవేము, అతిమధురం కొంచెం తగ్గించాయి. మొద్దు పుట్టగొడుగు వేడినీటి సారం కూడా 128ని 32కి దించింది. మిగతావి దండగ.

200 మైక్రోగ్రాముల వరుసలో మాత్రం మొదటి రెండు వెల్స్‌లో బొత్తాం పడలేదు, వల పరిచినట్టు ఉంది. పిపెట్టింగ్ తప్పు అనుకుని వదిలేశాను.

పేపర్ రాసేయమని గైడ్‌గారు అంటున్నారు. నాకే ఎందుకో నిద్ర పట్టట్లేదు. ఇంత బాగా రావడమే టెన్షన్‌గా ఉంది.

---

బీచ్‌రోడ్డు_బాబు · శనివారం రాత్రి 11:31

వైరస్ మాయం, నిద్ర కూడా మాయం. కరక్కాయ సైడ్ ఎఫెక్ట్ ఏమో చూడండి మేడమ్.

---

ముసలి_పిపెట్టు · ఆదివారం ఉదయం 6:05

అమ్మాయీ, ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను, చనువుగా అడుగుతున్నా ఏమీ అనుకోకు. వైరస్ వేయకుండా, కరక్కాయ సారం, కోడి రక్తకణాలు మాత్రమే వేసిన వెల్స్ పెట్టావా?

నువ్వు పిపెట్టింగ్ తప్పని వదిలేసిన ఆ రెండు వెల్స్ ఉన్నాయి చూశావూ, కథంతా అక్కడే ఉంది. వైరస్ మీదున్న హెమగ్లుటినిన్ ఎర్ర కణాల్ని ఒకదానికొకటి అంటిస్తేనే వల పడుతుంది. వైరస్ లేకపోతే కణాలు అడుక్కి దిగి బొత్తాం అవుతాయి. 100 దగ్గర వైరస్ లేదంటున్నావు. మందు రెట్టింపు చేస్తే మళ్ళీ వల వచ్చిందంటున్నావు. మందు ఎక్కువైతే వైరస్ తిరిగొస్తుందా? అది వైరస్ వల కాదు, కరక్కాయ వల. టానిన్లు, అంటే కరక్కాయలో ఉండే వగరు పదార్థాలు, ఎర్ర కణాల్ని వాటంతట అవే అంటించేస్తాయి.

---

రిటైర్డు_బాటనీ · ఆదివారం ఉదయం 6:40

పై మిత్రుడి మాట అక్షరాలా నిజం. కరక్కాయలో 30 శాతం దాకా టానిన్లే. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) వాళ్ళు ఏజెన్సీ గిరిజనుల దగ్గర కరక్కాయలు కొనేది దగ్గు మందు కోసమే అనుకుంటారు చాలామంది. తోళ్ళు ఊనడానికి, అంటే పచ్చి తోలును పదును చేయడానికి, కరక్కాయ వాడటం మన దేశంలో ఎప్పటినుంచో ఉంది. పచ్చి తోలులోని ప్రోటీన్‌ని టానిన్ పట్టుకుని బిగించేస్తుంది కాబట్టే అది కుళ్ళకుండా చెప్పులకు పనికొస్తుంది. పచ్చి కరక్కాయ కొరికితే నాలుక పిడచకట్టుకుపోతుందే, అదీ ఇదే. లాలాజలంలో ప్రోటీన్లు టానిన్‌కి చిక్కుకుంటాయి.

కాబట్టి తల్లీ, నువ్వు నీ ప్లేట్లో వైరస్‌ని ఊనావేమో చూసుకో.

ఇంకో మాట. ఆ మొద్దు మీది పుట్టగొడుగు ఒక ముక్క ఎండబెట్టి, ఎక్కడ, ఏ చెట్టు మీద, ఏ తేదీన కోశావో చీటీ రాసి దాచావా? దాచకపోతే ముందు ఆ పని చూడు.

---

ల్యాబ్‌పిల్ల_వైజాగ్ · ఆదివారం ఉదయం 9:15

ముసలి పిపెట్టు గారూ, పెట్టలేదండి. కణాలు ఒక్కటే ఉన్న కంట్రోల్ ఉంది, వైరస్ కంట్రోల్ ఉంది, సారం కరిగించే ద్రావకం డీఎంఎస్‌ఓ కంట్రోల్ కూడా ఉంది. సారం, రక్తకణాలు మాత్రమే ఉన్నది లేదు. సిగ్గుగా ఉంది.

బాటనీ మాస్టారూ, ముక్క ఫ్రిజ్‌లో ఉందనుకుంటా. చీటీ రాయలేదు.

కానీ కణాలు బతికే ఉన్నాయి కదా? ఎంటీటీలో 90 శాతం వచ్చింది. టానిన్ విషమైతే కణాలూ చావాలి కదండీ?

---

ఫార్మసీ_సీనియర్ · ఆదివారం మధ్యాహ్నం 1:10

పరవాడ ఫార్మాసిటీలో పనిచేస్తున్నాను, ఎంఫార్మ్‌లో నేనూ ఇదే గోతిలో పడ్డాను. ఎంటీటీ పసుపు రంగు రసాయనం. బతికున్న కణం దాన్ని ఊదా రంగు స్ఫటికాలుగా మారుస్తుంది. ఆ ఊదా ఎంత చిక్కగా ఉంటే కణాలు అంత బాగున్నాయని మన లెక్క. అయితే ఆ పని కణమే చేయనక్కర్లేదు. టానిన్ల లాంటి పాలీఫినాల్స్ కూడా ఎంటీటీని నేరుగా మార్చేస్తాయి. ఉసిరి, కరక్కాయ, గ్రీన్ టీ, దానిమ్మ తొక్క, ఇవన్నీ ఈ విషయంలో దొంగలే.

పరీక్ష సులువు. కణాలు అసలు లేని ఖాళీ ప్లేట్లో మీడియా (కణాలు పెరిగే ద్రవం), కరక్కాయ సారం, ఎంటీటీ వేసి నాలుగు గంటలు ఇంక్యుబేటర్‌లో పెట్టు. ఊదా రంగు వస్తే నీ 90 శాతంలో ఎంత కణాలదో, ఎంత కరక్కాయదో నీకే తెలుస్తుంది. ఎంటీటీ వేసే ముందు సారాన్ని కడిగేసి కొత్త మీడియా వేయాలి. కడిగావా?

అన్నిటికంటే ముందు మైక్రోస్కోపు కింద చూడు. మెషీన్ నంబర్ కంటే కన్ను నయం. బాగున్న ఎండీసీకే రాళ్ళు పరిచిన వాకిలిలా ఒత్తుగా ఉంటాయి. చచ్చినవి గుండ్రంగా ముడుచుకుని పైకి తేలతాయి.

---

కొబ్బరితోట · ఆదివారం మధ్యాహ్నం 1:45

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా కొబ్బరి చెట్ల మొదట్లో బంక కారి ఎండిపోతే వ్యవసాయ శాఖ వాళ్ళు గానోడెర్మా తెగులు అన్నారు. కందకం తవ్వించి, వేప పిండి వేయించి నానా తంటాలు పడ్డాం. ఆ గానోడెర్మా, మీరు మందంటున్న గానోడెర్మా ఒకటేనా? మా తోటలో బుట్టెడు ఉంది, ఎవరికైనా కావాలంటే ఉచితం.

---

రిటైర్డు_బాటనీ · ఆదివారం సాయంత్రం 4:20

కొబ్బరితోట గారూ, ఒకే ప్రజాతి, జాతులు వేరు. గానోడెర్మాలో పదుల కొద్దీ జాతులున్నాయి. చిక్కంతా ఇక్కడే. మన దేశంలో చెక్కలా మెరిసే ప్రతి పుట్టగొడుక్కీ గానోడెర్మా లూసిడమ్ అని పేరు పెట్టి పేపర్లు రాసేశారు. అసలు లూసిడమ్ యూరప్‌ది. చైనా వాళ్ళు లింగ్‌జీ అని వాడేది వేరే జాతి, దానికి 2012లో విడిగా పేరు పెట్టారు. మన సముద్ర తీరంలో మొద్దు మీద మొలిచింది ఏదో, ఐటీఎస్ భాగం డీఎన్ఏ చదివించకుండా ఎవరూ చెప్పలేరు. 2012లోనే శిలీంధ్రాలకు ఆ భాగాన్ని గుర్తింపు కార్డుగా ఒప్పుకున్నారు. ఫీజు పెద్దగా ఏమీ ఉండదు.

ఇక అరకు సంత పుట్టకొక్కులు. వానాకాలంలో చెదపుట్టల మీద వచ్చేవైతే అవి టెర్మిటోమైసిస్. మన భాషలో పుట్టగొడుగు అన్న పేరే ఆ సంగతి చెబుతోంది. పుట్ట మీద మొలిచిన గొడుగు. చెదలు వాటిని తమ పుట్ట లోపల పెంచుకుంటాయి, మనం బెడ్ల మీద పెంచలేం. కాబట్టి రేపు అందులో ఏదైనా గుణం దొరికినా, వచ్చే ఏడు వానలు పడేదాకా మళ్ళీ సరుకు ఉండదు. ఇది చిన్న విషయం కాదు.

---

చిప్పబెడ్లు_అనకాపల్లి · ఆదివారం రాత్రి 8:00

అదేటండి మేడమ్, చిప్ప పుట్టగొడుగుల్ని ఒక్క ముక్కలో దండగ అని తీసి పారేశారు! నేను వరిగడ్డి ఉడకబెట్టి, కవర్లలో నింపి, స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) చల్లి పెంచుతాను. ఒక్కో బెడ్డు మీద మూడు కోతలు. మాది కొన్నారా, రైతు బజార్లో కొన్నారా? ప్యాకెట్‌లో రెండు రోజులు మగ్గినదైతే సారం ఏం వస్తుంది?

---

ల్యాబ్‌పిల్ల_వైజాగ్ · ఆదివారం రాత్రి 8:25

అన్నయ్యా, ఎంవీపీ కాలనీ రైతు బజార్‌లో కొన్నాను, పొద్దున్నే. తాజాగానే ఉన్నాయి. పులుసు కూడా పెట్టుకున్నాం. మిథనాల్‌లో సారం తీశాను.

---

ముసలి_పిపెట్టు · ఆదివారం రాత్రి 9:10

మిథనాల్‌లో తీస్తే పుట్టగొడుగుల్లో పెద్ద పిండిపదార్థాలు, బీటా గ్లూకాన్లు అడుగునే ఉండిపోతాయి. వాటికి వేడినీళ్ళు కావాలి. గంటల తరబడి కాచి, వడగట్టి, ఆల్కహాల్ పోస్తే దూదిలా కిందికి దిగుతాయి. మొద్దు పుట్టగొడుగుని వేడినీళ్ళలో, చిప్పల్ని మిథనాల్‌లో తీసి రెండింటినీ పోలిస్తే ఎలా? అనకాపల్లి తమ్ముడి అలక న్యాయమే.

అయితే బీటా గ్లూకాన్లతో ఇంకో పేచీ ఉంది. అవి పెద్ద అణువులు, కణం లోపలికి పోలేవు. మహా అయితే వైరస్ కణానికి అతుక్కోకుండా అడ్డు పడతాయి. రోగనిరోధక శక్తిని కదిలిస్తాయంటే, ఆ సంగతి ఎండీసీకేలో కనపడదు, అవి కుక్క కిడ్నీ కణాలు, 1958లో ఒక కాకర్ స్పానియల్ నుంచి తీసినవి. అక్కడ తెల్ల రక్తకణమూ లేదు, యాంటీబాడీ లేదు. రేపు ఎలుకల దాకా వెళ్తే ఎండోటాక్సిన్ పరీక్ష తప్పదు. సారంలో బాక్టీరియా తాలూకు ఎల్‌పీఎస్ రవ్వంత ఉన్నా నిరోధక శక్తి ఎగిసి పడుతుంది, మనం పుట్టగొడుగుకి దండ వేస్తాం.

---

ఇద్దరుపిల్లల_తల్లి · సోమవారం ఉదయం 7:30

ఇవన్నీ నాకు అర్థం కాలేదు గానీ ఒకటి చెప్పండి. మా చిన్నవాడికి నాలుగేళ్ళు. నిన్న మధ్యాహ్నం నుంచి 102 జ్వరం, ఒళ్ళు నొప్పులు, పొడి దగ్గు. వాడి స్కూల్లో సగం మంది పిల్లలు ఇలాగే పడుకున్నారు. మా అత్తగారు కరక్కాయ అరగదీసి తేనెలో నాకిస్తానంటున్నారు. అనాస పువ్వు కషాయం తాగిస్తే టామిఫ్లూతో సమానం అని వాట్సాప్‌లో వచ్చింది. ఏది మంచిది?

---

పిల్లల_డాక్టర్ · సోమవారం ఉదయం 7:52

అమ్మా, ముందు మీ సంగతి. వానాకాలంలో ఫ్లూ మన దగ్గర మామూలే, చలికాలం చివర మళ్ళీ ఒకసారి వస్తుంది. అయిదేళ్ళ లోపు పిల్లాడు కాబట్టి ఇవాళే డాక్టర్‌కి చూపించండి. ఒసెల్టామివిర్ (టామిఫ్లూలో ఉండే మందు) అవసరమైతే లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం. జ్వరానికి బరువును బట్టి పారాసిటమాల్. ఆస్పిరిన్ ఇవ్వొద్దు. ఫ్లూ ఉన్న పిల్లలకు ఆస్పిరిన్ ఇస్తే రేస్ సిండ్రోమ్ అనే ప్రమాదం ఉంది. ఊపిరి వేగంగా తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, నీళ్ళు తాగకపోయినా, మందకొడిగా పడి ఉన్నా సాయంత్రం దాకా ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తండి.

అనాస పువ్వు వద్దు. దాంట్లో ఉన్నది షికిమిక్ ఆమ్లం. దాన్ని ఫ్యాక్టరీలో ఎన్నో దశలు మారిస్తే ఒసెల్టామివిర్ అవుతుంది. చెరుకు నమిలితే రమ్ తాగినట్టా? పైగా అనాస పువ్వులో జపాన్ జాతి కలిస్తే అది విషం, చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఆ కషాయంతో పసిపిల్లలకు ఫిట్స్ వచ్చిన కేసులున్నాయి. బిర్యానీలో ఒక రేక వేసుకోండి, ఫర్వాలేదు.

అత్తగారి తేనెకు నా అభ్యంతరం లేదు, వాడికి ఏడాది దాటింది కాబట్టి. కరక్కాయ మాత్రం జ్వరం తగ్గాక చూసుకోవచ్చని చెప్పండి.

---

ఇద్దరుపిల్లల_తల్లి · సోమవారం ఉదయం 8:01

థాంక్స్ డాక్టర్‌గారూ. పది గంటలకి తీసుకెళ్తున్నాం.

---

ఆయుర్వేద_వైద్యుడు · సోమవారం ఉదయం 10:40

డాక్టర్‌గారు చెప్పింది సబబే. కానీ ఇక్కడ చర్చంతా ఒకవైపే నడుస్తోంది. మేము కరక్కాయ ఇచ్చేది వైరస్‌ని చంపడానికి కాదు. మా శాస్త్రంలో వైరస్ అన్న మాటే లేదు. ఎవరి ఒంటి తీరు ఏమిటి, జఠరాగ్ని ఎలా ఉంది, కఫం ఏ స్థితిలో ఉంది అన్నవి చూసి ద్రవ్యం ఎంచుకుంటాం. ఒక్క మూలిక విడిగా ఇవ్వడమే అరుదు. మీరు మిథనాల్‌లో నానబెట్టి కుక్క కిడ్నీ కణాల మీద పోస్తే, ఆ ఫలితం ఎటు వచ్చినా ఆయుర్వేదానికి గెలుపూ కాదు, ఓటమీ కాదు. మేము నీళ్ళలో వేసి నాలుగో వంతు మిగిలేదాకా మరిగిస్తాం. మీ సారంలో ఉన్నదీ, మా కషాయంలో ఉన్నదీ ఒకటేనని ఎవరన్నారు?

---

ఫార్మసీ_సీనియర్ · సోమవారం రాత్రి 7:15

వైద్యుడుగారూ, మీ మాట నాకు నచ్చింది. అయితే దాని రెండో కొస కూడా మీరే పట్టుకోవాలి. ప్లేట్లో ఓడినా ఓటమి కాదంటే, ప్లేట్లో గెలిచిందని డబ్బా మీద "యాంటీవైరల్" అని రాసుకోవడం కూడా కుదరదు. మీ రోగులకు పనిచేస్తోందా అన్నది రోగుల మీదే తేల్చాలి, సగం మందికి మందు, సగం మందికి అలాగే కనిపించే ఉత్త పొడి ఇచ్చి.

తిప్పతీగ సంగతి గుర్తుందా? కరోనా రోజుల్లో రోగనిరోధక శక్తి అని గోడ మీది తీగ కోసుకుని రోజూ తాగారు. 2021లో ముంబై డాక్టర్లు దాంతో కాలేయం దెబ్బతిన్న కేసులు ప్రచురించారు. అసలు తిప్పతీగ బదులు దాని చుట్టం జాతి కోసుకున్నారేమో అని ఇంకో వాదం. ఆ గొడవ తేలకపోవడానికి ఒక కారణం, తాగింది ఏ తీగో చూపించే ఎండు కొమ్మ చాలామంది దగ్గర లేకపోవడం. బాటనీ మాస్టారు చీటీ చీటీ అని పోరేది ఇందుకే.

ఒక చిన్న లెక్క. సారం ఐసీ50, అంటే వైరస్‌ని సగానికి తగ్గించే సాంద్రత, మి.లీ.కి 50 మైక్రోగ్రాములు అనుకుందాం. పెద్దమనిషికి దాదాపు 5 లీటర్ల రక్తం. ఆ రక్తంలో అంత సాంద్రత రావాలంటే 250 మిల్లీగ్రాముల సారం ఒక్క రవ్వ పోకుండా పేగు దాటి, కాలేయాన్ని తప్పించుకుని రక్తంలో చేరాలి. చేరదు. పసుపులో కర్క్యుమిన్ ప్లేట్లో ప్రతి రోగాన్నీ గెలుస్తుంది, నోట్లో వేసుకుంటే రక్తంలో దాని జాడ వెతుక్కోవాలి. అందుకే ముడి సారం 100 మైక్రోగ్రాముల దగ్గర పనిచేసిందంటే నేను టీ తాగడం కూడా ఆపను. శుద్ధి చేసేకొద్దీ బలం పెరుగుతూ పోతే అప్పుడు కుర్చీ ముందుకి లాక్కుంటాను.

---

బీచ్‌రోడ్డు_బాబు · సోమవారం రాత్రి 7:40

అంటే నేను రోజూ ఉదయం తాగే కషాయం...

---

ఫార్మసీ_సీనియర్ · సోమవారం రాత్రి 7:44

తాగు బాబూ. వేడిగా ఉంటుంది, గొంతుకి హాయి. దానికి పేపర్ అక్కర్లేదు.

---

ల్యాబ్‌పిల్ల_వైజాగ్ · బుధవారం రాత్రి 10:30

రెండు రోజులు ల్యాబ్‌లోనే ఉన్నాను. చెబుతాను, నవ్వకండి.

ఖాళీ ప్లేట్. కణాలు లేవు. మీడియా, కరక్కాయ, ఎంటీటీ. పావుగంట కూడా కాలేదు, అంచుల నుంచి ఊదా రంగు మొదలైంది. గంటకి 100, 200 వెల్స్ నేరేడు పళ్ళ రసంలా ఉన్నాయి. పక్కనే తులసి, అడ్డసరం పసుపుగానే కూర్చున్నాయి. నేను కడగలేదు కూడా. మొన్న వచ్చిన 90 శాతంలో ఎక్కువ భాగం కరక్కాయదే.

తర్వాత మైక్రోస్కోపు. కరక్కాయ 100 వేసిన వెల్‌లో కణాలు గుండ్రంగా ముడుచుకుపోయి గుంపులుగా తేలుతున్నాయి. వైరస్ వేయని వెల్‌లోనే! కణాలే లేకపోతే వైరస్ ఎక్కడ పెరుగుతుంది?

సారం, రక్తకణాలు మాత్రమే వేసిన ప్లేట్లో 200 దగ్గర వల పడింది. ముసలి పిపెట్టు గారూ, మీ కాళ్ళకు దండం.

ఇంకోటి, కంట్రోల్ మందు. మెడికల్ షాపులో ఒసెల్టామివిర్ క్యాప్సూల్ కొని, విప్పి, పొడి కలిపి వాడాను. అది కూడా సరిగ్గా పనిచేయలేదు. కరక్కాయ బాగా రావడంతో దీన్ని పట్టించుకోలేదు.

---

ముసలి_పిపెట్టు · బుధవారం రాత్రి 11:05

దండాలు తర్వాత. క్యాప్సూల్‌లో ఉన్నది ఒసెల్టామివిర్ ఫాస్ఫేట్. మనిషి కాలేయం దాన్ని కార్బాక్సిలేట్‌గా మార్చాకే అది వైరస్ మీది ఎంజైమ్ న్యూరామినిడేస్‌ని పట్టుకుంటుంది. నీ ప్లేట్లో కాలేయం ఏది? కార్బాక్సిలేట్ రూపమే విడిగా కొనాలి. పనిచేసే మందు పనిచేసినట్టు చూపించలేని ప్లేట్, పనిచేయని మందుని పనిచేయట్లేదని ఎలా చూపిస్తుంది?

ఇంకా రెండు చూసుకో. మీడియా రంగు. కరక్కాయ, ఉసిరి పుల్లటివి. ఫినాల్ రెడ్ ఉన్న మీడియా గులాబీ రంగు నుంచి పసుపుకి తిరిగితే పీహెచ్ పడిపోయిందని. 5 చుట్టుపక్కలకి దిగితే ఫ్లూ వైరస్ హెమగ్లుటినిన్ తిరగబడిపోయి, వైరస్ ఇక కణం లోపలికి దూరలేదు. ఆ లెక్కన చింతపండు రసం కూడా యాంటీవైరలే. సారాన్ని 7.4కి తెచ్చాకే వాడు.

రెండోది ట్రిప్సిన్, ప్రోటీన్‌ని కోసే ఎంజైమ్. ఎండీసీకేలో వైరస్ ఒక కణం నుంచి ఇంకో కణానికి పాకాలంటే, టీపీసీకే ట్రిప్సిన్ వేస్తాం కదా, అది హెమగ్లుటినిన్‌ని రెండుగా కోయాలి. టానిన్ ట్రిప్సిన్‌నీ పట్టుకుంటుంది. అప్పుడు నువ్వు ఆపింది వైరస్‌ని కాదు, నువ్వే పోసిన ట్రిప్సిన్‌ని. చిక్కుడు జాతి గింజల సారాలతో కూడా ఇదే మోసం.

పీవీపీపీ పొడి కలిపి, తిప్పి, సెంట్రిఫ్యూజ్ చేస్తే టానిన్లు దాంతో పాటు అడుక్కి పోతాయి. పైన తేరిన దానితో అన్నీ మళ్ళీ పెట్టు.

---

రిటైర్డు_బాటనీ · గురువారం ఉదయం 5:50

ఒక్క మనవి. టానిన్ అని తేలగానే చెత్తబుట్టలో వేయకండి. కరక్కాయలోని చెబులాజిక్ ఆమ్లం, చెబులినిక్ ఆమ్లం ఫ్లూ న్యూరామినిడేస్‌ని ఆపుతాయని 2020లో పరిశోధన వచ్చింది. అవీ టానిన్లే. అన్నిటినీ పట్టుకునేది ఏది, ఒక్కదాన్నే గురి చూసి పట్టుకునేది ఏది అని వేరు చేయడమే ఈ అమ్మాయి పని. గుత్తగా ఒప్పుకోవడం ఎంత తప్పో, గుత్తగా తీసి పారేయడమూ అంతే తప్పు.

---

ముసలి_పిపెట్టు · గురువారం ఉదయం 6:15

ఒప్పుకున్నాను మాస్టారూ. అయితే అది ఎంజైమ్ పరీక్షలో తేల్చాలి, డిటర్జెంట్ కలిపి, కలపకుండా రెండు రకాలుగా. దేన్నైనా పట్టుకునే మోసమైతే డిటర్జెంట్‌తో బయటపడుతుంది. కోడి రక్తంతో కాదు.

---

నిర్వాహకుడు · గురువారం మధ్యాహ్నం 12:00

ఈ దారంలో కషాయం పొడి అమ్మకం పోస్టులు మూడు తీసేశాము. ఫోన్ నంబర్లు పెట్టవద్దు.

---

ఇద్దరుపిల్లల_తల్లి · గురువారం సాయంత్రం 6:20

చిన్నవాడికి జ్వరం దిగింది. ఇడ్లీ తిన్నాడు. ఇప్పుడు పెద్దది తుమ్ముతోంది. ఫ్లూ టీకా ప్రతి ఏడూ వేయించాలా?

---

పిల్లల_డాక్టర్ · గురువారం రాత్రి 9:30

సంతోషం అమ్మా. అవును, ఏటా. వైరస్ వేషం మారుస్తూ ఉంటుంది కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, సెప్టెంబరులో, టీకాలో ఏ స్ట్రెయిన్లు ఉండాలో చెబుతుంది. పాపని రేపు చూపించండి.

---

ల్యాబ్‌పిల్ల_వైజాగ్ · తర్వాతి శనివారం రాత్రి 9:45

ఇదే చివరి లెక్క.

పీహెచ్ 7.4కి తెచ్చి, పీవీపీపీ వేసి, మైక్రోస్కోపు కింద కణాలు బాగున్న సాంద్రతలోనే మళ్ళీ పెట్టాను. ఈసారి ప్రతి సారానికీ వైరస్ లేని వరుస కూడా ఉంది. కరక్కాయ టైటర్ 64. వైరస్ కంట్రోల్ 128. అంటే ఒక్క మెట్టు, అది పరీక్షలో ఉండే తేడాయే. 12 అని మురిసిపోయిన సెలెక్టివిటీ ఇండెక్స్, ఎంటీటీ సరిచేశాక 2కి దిగింది. అతిమధురం, నేలవేము కూడా కంట్రోల్ దగ్గరికే వచ్చేశాయి.

మొద్దు పుట్టగొడుగు మాత్రం కదల్లేదు. పీవీపీపీ ముందూ 32, తర్వాతా 32. కణాలు బాగున్నాయి, సారం ఒక్కటే వేస్తే వల పడలేదు. వైరస్‌కి ముందు వేస్తే, వైరస్‌తో కలిపి వేస్తే పనిచేస్తోంది. రెండు గంటల తర్వాత వేస్తే ఏమీ లేదు. అతుక్కోకుండా అడ్డు పడుతున్నట్టుంది, ముసలి పిపెట్టు గారు చెప్పినట్టే. చిన్న ఫలితమే. ప్లాక్ పరీక్షలో (వైరస్ కణాల పొరలో చేసే రంధ్రాలు లెక్కపెట్టే పరీక్ష) నిలబడుతుందో లేదో చూడాలి. అనకాపల్లి అన్నయ్యా, మీ చిప్పల్ని కూడా ఈసారి వేడినీళ్ళలో కాస్తున్నాను.

గైడ్‌గారికి కరక్కాయ ప్లేట్లు చూపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత టీ చెప్పారు.

ఇప్పుడు అసలు సమస్య. నిన్న ఇంకొంచెం సారం కోసం ఆ మొద్దు దగ్గరికి వెళ్ళాను. మొద్దు లేదు. ఎవరో వేళ్ళతో సహా తవ్వి తీసుకుపోయారు, కొత్త మట్టి పోసి చదును చేసి ఉంది. అది ఏ చెట్టో కూడా నాకు తెలియదు, వాచ్‌మన్ తురాయి అంటాడు, ఆఫీసులో క్లర్క్ కాదు నిద్రగన్నేరు అంటాడు.

---

రిటైర్డు_బాటనీ · శనివారం రాత్రి 9:58

ఫ్రిజ్‌లో ముక్క?

---

ల్యాబ్‌పిల్ల_వైజాగ్ · శనివారం రాత్రి 10:03

ఉంది మాస్టారూ. అరచేతిలో సగం. ఒక అంచున బెరడు కూడా అంటుకుని ఉంది.

---

రిటైర్డు_బాటనీ · శనివారం రాత్రి 10:06

ఆ బెరడు గీకకు. నీళ్ళు తగలనివ్వకు. న్యూస్‌పేపర్లో చుట్టి సోమవారం పొద్దున్న తీసుకురా, పది లోపల. పెన్సిల్ తెచ్చుకో, చీటీ పెన్నుతో రాస్తే చెరిగిపోతుంది.